ఖరీతాలు, ఖాతాలు, బేరారు : 1853 ఒప్పందం పూర్వాపరాలు

నిజాం నాసిరుద్దౌలాకూ ఈస్టిండియా కంపెనీకీ మధ్య 1853 మే 21న జరిగిన ఒప్పందాన్ని మన చరిత్ర గ్రంథాలు సాధారణంగా రెండు మూడు వాక్యాలలో ముగించివేస్తాయి. నిజాం బాకీపడ్డాడు, బేరారు పోయింది, మరికొన్నాళ్ళకు సాలార్‌జంగ్ దివాను అయ్యాడు, అంతే. కాని ఆ పత్రాన్ని రాజకీయ సంధిగా గాక ఋణపత్రంగా చదివితే మరొక కథ బయటపడుతుంది. బాకీ ఎంత, ఎవరు లెక్క కట్టారు, ఎదురు బాకీ ఏమయింది, ఏ లేఖలు ఏ తేదీలలో వచ్చి ఒక రాజు చేత సంతకం చేయించాయి అనే ప్రశ్నలకు జవాబు అందులో దొరుకుతుంది. సామాన్య గృహస్థు ఇంటికి సాహుకారు పంపే తాకీదుకూ, గవర్నర్ జనరల్ నిజాంకు పంపే ఖరీతాకూ ముద్రలోను, సంబోధనలోను తేడా ఉన్నదే గాని, పనిలో పెద్ద తేడా లేదు.

ఈ కథకు మూలం ఒక సైన్యం జీతం. 1800 నాటి సంధి ప్రకారం కంపెనీ సహాయక సైన్యం ఖర్చుకై నిజాం బళ్ళారి, కడప మొదలైన సీమలను శాశ్వతంగా ఇచ్చివేశాడు. దత్త మండలాలు అనే పేరు అలా వచ్చింది. అంటే సహాయక సైన్యం పద్దు అక్కడితో చెల్లు. యుద్ధం వచ్చినపుడు మాత్రం నిజాం తన వంతుగా ఆరువేల కాల్బలం, తొమ్మిదివేల ఆశ్వికదళం పంపాలని ఆ సంధిలోనే ఒక నిబంధన ఉన్నది. ఈ యుద్ధకాలపు నిబంధనను ఆసరా చేసుకుని, రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలంలో (1811-1820) ఆంగ్ల అధికారుల చేతి క్రింద ఒక శాశ్వత దళం తయారయింది. మొదట దానిని రస్సెల్ బ్రిగేడ్ అన్నారు. తరువాత అది హైదరాబాదు కంటింజెంటు అయింది. దీని ఖర్చు సాలుకు దాదాపు 40 లక్షల రూపాయలు. సైన్యం నిజాంది, అధికారులు కంపెనీవారు, జీతాలు నిజాంవి, ఆజ్ఞలు రెసిడెంటువి. ఏం ఖర్చయినా పాపం నిజామే ఇచ్చుకుంటాడని ఆ దళపు దొరలే హాస్యమాడుకునేవారట. హాస్యమే అయినా లెక్క సరిగానే చెప్పింది.

ఈ దళానికి ముఖ్యస్థానం సికింద్రాబాదుకు ఉత్తరాన అల్వాల్ ప్రక్కనున్న బొల్లారం. జిన్నారం ప్రాంతంలో కర్మాగారాలకు పేరొందిన బొల్లారం వేరు. పేరొక్కటే కావడంచేత రెంటినీ కలగలిపి వ్రాసే పొరపాటు అక్కడక్కడ కనిపిస్తుంది. కంటింజెంటు దండు ఎన్నడూ జిన్నారం బొల్లారంలో లేదు. అయితే ఆ దండు జీతాల భారం మాత్రం జిన్నారం వంటి ఊళ్ళను తప్పించుకుని పోలేదు. తాలూకాలను ఇజారాకు పాడుకున్న తాలూకాదారు ముందుగా దివానుకు సొమ్ము కట్టేవాడు. అది సాహుకారు వద్ద తెచ్చిన సొమ్ము. ఆ అసలు, ఆ వడ్డీ, తన లాభం, మూడూ కలిపి రైతు కళ్ళంలోనే రాబట్టుకునేవాడు. రాజధానిలో వ్రాసిన ప్రతి ఋణపత్రానికీ అడుగున ఒక గ్రామం పంట ఉండేది.

1853కు ముందు జరిగిన మరొక ఋణ పరిష్కారాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. విలియం పామర్ అనే ఆయన జనరల్ పామర్‌కు ఫైజ్‌బక్ష్ బేగం వలన కలిగిన కుమారుడు, నిజాం కొలువులో పనిచేసినవాడు. 1814లో ఆయన హైదరాబాదులో ఒక కోఠీ తెరిచాడు. దేశీయ రాజులకు ఆంగ్లేయులు అప్పులివ్వరాదని పార్లమెంటు చట్టం ఉన్నా, 1816లో ఈ సంస్థకు ప్రత్యేకమైన మినహాయింపు లభించింది. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రభువు పెంపకంలో పెరిగిన కన్యను వివాహమాడిన సర్ విలియం రంబోల్డ్ ఆ కోఠీలో భాగస్వామి కావడం ఆ మినహాయింపుకు దోహదం చేసిందనే అభిప్రాయం ఆనాడే వ్యాపించింది. 1820లో పాత అప్పులన్నీ కలిపి 60 లక్షల కొత్త ఋణం వ్రాశారు. ఆరేళ్ళపాటు ఏటా 16 లక్షల చొప్పున రెవెన్యూ తనఖాల మీద తీర్చాలి. మొత్తం 96 లక్షలు. ఆ అరవైలో ఎనిమిది లక్షలు అసలు చేతికి రాని సొమ్మేననీ, అది కోఠీవారికి ఇచ్చిన బహుమానమనీ తరువాత విచారణలో తేలింది.

దీనిని తవ్వి తీసినవాడు కొత్త రెసిడెంటు చార్లెస్ మెట్కాఫ్. హేస్టింగ్స్‌కు కోపం వచ్చినా మెట్కాఫ్ తన లేఖలు ఆపలేదు. చివరకు 1823లో కంపెనీ స్వయంగా రంగంలోకి దిగింది. ఉత్తర సర్కారుల కోసం తాను ఏటా నిజాంకు కట్టవలసిన ఏడు లక్షల పేష్కష్‌ను నూటికి ఆరు వడ్డీ లెక్కన మూలధనంగా మార్చి, 1,16,66,666 రూపాయలు ఒకేసారి ఇచ్చివేసింది. ఆ సొమ్ముతో పామర్ కోఠీ బాకీ తీరింది. సంవత్సరం తిరగకముందే కోఠీ దివాలా తీసింది. గంజాం నుండి గుంటూరు వరకు గల తెలుగు సీమకు గుర్తుగా నిజాం ఖజానాకు అందే ఆ చివరి కాసు ఈ విధంగా ఒక ప్రైవేటు కోఠీ ఖాతాలో జమ అయింది. ఉత్తర సర్కారుల చరిత్ర వ్రాసేవారు ఈ సంగతిని మరింత శ్రద్ధగా పట్టించుకోవలసి ఉన్నది.

ఇంతటి పాఠం నేర్చిన తరువాత కూడా పరిస్థితి మారలేదంటే అందుకు పేష్కారుగాను, తరువాత దివానుగాను 1843 వరకు అధికారం నడిపిన రాజా చందూలాల్ పద్ధతి కొంత కారణం. ఆయన దాత, కవి పోషకుడు, రెసిడెంటును నొప్పించని నేర్పరి. అప్పు తీర్చడానికి అప్పు చేయడం ఆయనకు తెలిసిన ఏకైక ఆర్థికశాస్త్రం. బేగంబజారు గోసాయీలు, కార్వాన్ సాహుకార్లు, అరబ్బు జమాదార్లు, బొంబాయి నుండి వచ్చిన పెస్తన్‌జీ అనే పారసీ కుటుంబం, అందరివద్దా పత్రాలున్నాయి. పెస్తన్‌జీ సోదరులకు బేరారు ఆదాయం తనఖాగా చిక్కింది. దానిని తిరిగి లాగుకున్న తరువాత వారు తమ బాకీ కోసం లండను దాకా అర్జీలు మోసుకుపోయారు. అరబ్బు జమాదార్ల మార్గం వేరు. అబ్దుల్లా బిన్ అలీ వంటివారు తాలూకాలనే చేత పట్టుకుని కూర్చున్నారు. చిన్న బాకీదారులనైతే తమ సిపాయిల కాపలాలో నిర్బంధించడం నగరంలో మామూలు దృశ్యం. వారికి కాగితం, కలం అవసరం లేకపోయింది.

చందూలాల్ దిగిపోయాక కంటింజెంటు జీతాలు తరచు ఆగిపోసాగాయి. అపుడు రెసిడెన్సీ ఖజానా నుండి జీతాలిచ్చి, ఆ సొమ్మును నిజాం పేర వడ్డీతో ఖర్చు వ్రాయడం మొదలయింది. గమనించవలసిన విషయమేమంటే, ఇక్కడ అప్పు ఇచ్చినవాడు, ఆ సొమ్మును ఖర్చు చేసినవాడు, లెక్క వ్రాసినవాడు ఒక్కడే. సైనికుల సంఖ్యను గాని, అధికారుల జీతాన్ని గాని తగ్గించే అధికారం బాకీదారునికి లేదు. శాంతికాలంలో ఇంత సైన్యాన్ని పోషించాలని 1800 సంధిలోని అక్షరం నిజాంను నిర్బంధించదని డల్హౌసీ తానే 1853 నాటి తన మినిట్‌లో ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఇన్నేళ్ళూ కాదనక భరించాడు గనుక భరించవలసిందేనని వాదించాడు.

రెసిడెంటు జనరల్ ఫ్రేజర్ లేఖలు 1840లలో తొలుత సలహాల రూపంలోను, తరువాత గడువుల రూపంలోను వచ్చాయి. 1850 డిసెంబరు 31 లోగా బాకీ తీర్చాలని గడువు పెట్టారు. అది దాటింది. 1851 జూన్ 6న డల్హౌసీ స్వయంగా నిజాంకు ఖరీతా వ్రాశాడు. బాకీ అప్పటికి 70 లక్షలు మించింది. తీర్చలేకపోతే సాలుకు 35 లక్షల ఆదాయం గల జిల్లాలను అప్పగించాలన్నది అందులోని కోరిక. కోరికను మించినది దాని ధోరణి. తలచుకుంటే నలిపివేయగల శక్తి కంపెనీకి ఉన్నదని గుర్తుచేసే మాట ఆ లేఖలో ఉన్నది. దర్బారు మర్యాదకు పట్టిన అద్దం వంటి ఫారసీ భాషలోకి ఆ మాట మారినపుడు మూలానికంటే కటువుగా మారిందని చెబుతారు. ఆ ఖరీతా నిజాంను నిద్రలేపిన మాట నిజం. ఆ ఏడాదే బాకీలో సగం మేరకు చెల్లించాడు. మిగిలిన దానికై రాజభరణాలను తాకట్టు పెట్టే ప్రయత్నం జరిగింది. ఒకప్పుడు తాలూకాదారుగా పనిచేసిన డైటన్ అనే ఆంగ్లేయుడు ఆ వ్యవహారాన్ని తలకెత్తుకున్నాడు. ఒక పూట అక్కర తీరింది. మరుసటి నెల జీతం మళ్ళీ నిలిచింది. 1853 నాటికి కొత్త బాకీ 45 లక్షలకు చేరింది. సాలుకు 40 లక్షల ఖర్చు తన చేతిలో లేనంత కాలం అసలు తీర్చడం చిల్లి కుండలో నీరు పోయడమే అయింది.

ఇక్కడ నిజాం దర్బారు ఎదురు లెక్క ఒకటున్నది. సికింద్రాబాదు, జాల్నా దండు బజార్లలో ఆబ్కారీ ఆదాయం నిజాం భూమి మీద పుట్టేది, కాని కంపెనీ తీసుకునేది. ఏడాదికి దాదాపు లక్ష చొప్పున 1812 నుండి నలభై ఒక్క సంవత్సరాలు లెక్కవేస్తే 41 లక్షలవుతుంది. దానిని బాకీలో మినహాయిస్తే మిగిలేది స్వల్పం. ఏ మునసబు కోర్టులోనైనా, ఏ ఖాజీ సమక్షంలోనైనా ఉభయ పక్షాల బాకీలను ఎదురెదురుగా పెట్టి తేల్చిన తరువాతనే తీర్పు చెబుతారు. ఇక్కడ ఆ తేల్పు జరగలేదు.

1853 మార్చిలో కర్నల్ జాన్ లో కొత్త రెసిడెంటుగా వచ్చి ఒప్పందం ముసాయిదాను నిజాం ముందు పెట్టాడు. ఆనాటి సంభాషణను లో తన నివేదికలో సవివరంగా వ్రాయడం చరిత్రకు మేలు చేసింది. వంశపారంపర్యంగా వచ్చిన భూమిని అవసరం లేకుండా వదలుకోవడం, నమ్మకంగా కొలిచిన సైనికులను తొలగించడం, ఈ రెండూ ప్రభువుకు అపకీర్తి తెచ్చేవని నాసిరుద్దౌలా వాదించాడు. తాను కంపెనీ మీద ఎన్నడైనా కత్తి దూశానా, కుట్ర చేశానా అని అడిగాడు. కొన్నాళ్ళు ఐరోపాలో, కొన్నాళ్ళు ఇండియాలో గడిపే మీవంటివారికి ఏడు తరాల ఇంటిని విడవడంలోని బాధ తెలియదన్న ధోరణిలో కూడా మాట్లాడాడు. తనకు కొంత వ్యవధి ఇస్తే జిల్లాలు అప్పగించకుండానే సొమ్ము సర్దుతానని మాట ఇచ్చాడు. నిజాం సోమరి అని, లెక్కలు పట్టవని వ్రాసే గ్రంథకర్తలు ఈ నివేదికను మరొకమారు చదవడం మంచిది. అతని పరిపాలనా లోపాలు నిజమే. అయితే ఎదుట ఉన్న పత్రం స్వభావం ఏమిటో అతనికి బాగా తెలుసు.

చివరి లేఖ చిన్నది, స్నేహపూర్వకమైనది. మే 14న రెసిడెంటు సహాయకుడు మేజర్ కత్‌బర్ట్ డేవిడ్‌సన్, దివాను సిరాజుల్ ముల్క్‌కు ఒక సొంత ఉత్తరం వ్రాశాడు. సంప్రదింపులు ముగిసినట్లేననీ, ఇక సైన్యాన్ని నడిపించమని గవర్నర్ జనరల్‌కు రెసిడెంటు వ్రాయబోతున్నాడనీ, పూనాలోని ఆంగ్ల రెజిమెంట్లకు సిద్ధంగా ఉండమని ఉత్తర్వులు వచ్చాయని తనకొక ఉత్తరం ద్వారా తెలిసిందనీ అందులోని సారాంశం. వారం రోజులకు సంతకాలయ్యాయి. మరో వారం తిరగకుండానే సిరాజుల్ ముల్క్ కన్నుమూశాడు.

ఒప్పందం ప్రకారం బేరారు, రాయచూరు దోఆబు, ధారాశివ్ జిల్లా, మొత్తం సుమారు 50 లక్షల ఆదాయం గల ప్రాంతం కంపెనీ యాజమాన్యంలోకి పోయింది. దాని ఆదాయం నుండి ఐదువేల కాల్బలం, రెండువేల ఆశ్వికదళం, నాలుగు ఫిరంగి దళాలు గల కంటింజెంటు ఖర్చు, కొన్ని పాత భత్యాలు, 50 లక్షల బాకీ మీద నూటికి ఆరు వడ్డీ చెల్లించాలి. ఏటా లెక్కలు చూపి మిగులు నిజాంకు ఇవ్వాలి. శాశ్వతంగా అనే మాట పత్రంలో చేరడానికి నిజాం ససేమిరా ఒప్పుకోలేదు. లో దానిని వదలుకున్నాడు. నిజాం మొత్తం బేరంలో గెలిచినది ఆ ఒక్క మాటే. ముందు యాభై ఏళ్ళ వాదమంతా దాని మీదనే నడిచింది.

ఋణ వ్యవహారాల గురించి ఇస్లామీయ ధర్మశాస్త్రం ఏర్పరచిన నియమాలు ఇచ్చట ప్రసక్తమవుతాయి. దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్‌బఖరా సూరాలో 282వ ఆయత్, అన్ని ఆయతులలోకి దీర్ఘమైనది, పూర్తిగా ఋణపత్రం వ్రాసే పద్ధతికి సంబంధించినది. గడువు గల బాకీని వ్రాతలో పెట్టాలి, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలి, సాక్షులుండాలి. ముఖ్యమైన విషయం, పత్రంలోని మాటలు చెప్పవలసినవాడు బాకీదారుడు. ఋణదాత చెప్పగా వ్రాసేది కాదు. ఎవరి మీద భారం పడుతుందో అతని నోట ఆ భారం పరిమాణం వెలువడాలన్నది ఫిఖ్‌హ్ పండితులు ఇందులో చూచిన రక్షణ. అంతకు రెండు ఆయతుల ముందు, ఇబ్బందిలో ఉన్న బాకీదారునికి వెసులుబాటు కలిగేదాకా గడువివ్వాలనే ఆదేశం ఉన్నది. వడ్డీ సంగతి అటుంచి, ఈ రెండు నియమాలతో 1853 పత్రాన్ని పోల్చితే తారుమారు కానిది ఒక్కటీ కనిపించదు. మాటలు ఋణదాతవి, లెక్క ఋణదాతది, గడువు ఋణదాతది. అయితే నిజాం దర్బారు కూడా తన సాహుకార్లతో ఈ నియమాలను పాటించిన దాఖలాలు తక్కువేనని చెప్పడం న్యాయం.

మే 31న దివాను పదవి మీర్ తురాబ్ అలీఖాన్, అంటే సాలార్‌జంగ్ చేతికి వచ్చింది. వయసు 24. అంతకుముందు ఖమ్మం తాలూకాదారుగా పనిచేసిన అనుభవం మాత్రమే ఉన్నది. ఖజానా ఖాళీ, అప్పిచ్చేవాడు లేడు. ఆయన చేసినవి చూస్తే, వాడి తప్పిపోయిన బాకీదారుడు నలుగురిలో తిరిగి మాట దక్కించుకునే మార్గమే కనిపిస్తుంది. ఒకేసారి అందరికీ వాగ్దానం చేయలేదు. ఏ జమాదారు ఏ తాలూకా పట్టుకున్నాడో, ఎంత ఇచ్చాడో, ఎంత రాబట్టుకున్నాడో పరిశీలించి, ఒక్కొక్క ఖాతా తేల్చి, ఒక్కొక్క తాలూకా విడిపించాడు. కొద్ది సొమ్మయినా చెప్పిన రోజున చెల్లించాడు. ఇజారా పద్ధతిని క్రమంగా తీసివేసి జీతంపై పనిచేసే తాలూకాదారులను పెట్టాడు. 1855లో కేంద్ర ఖజానా ఏర్పడింది. అరబ్బుల దావాలు వినడానికి వేరే న్యాయస్థానం వెలసింది. దానితో బాకీదారుని సిపాయి కాపలాలో ఉంచే ఆచారం సన్నగిల్లింది. వీటన్నిటికంటే, తాలూకాదారుకు జీతం వచ్చిన తరువాత కళ్ళం మీద సాహుకారు మనిషి నిలబడడం తగ్గడం రైతు ఎరిగిన మార్పు.

కంపెనీ ఖాతా విషయంలో మాత్రం ఆయన ఆయుధం లేఖ ఒక్కటే. ఆబ్కారీ పద్దును, చూపని వార్షిక లెక్కలను, మితిమీరిన బేరారు పరిపాలనా వ్యయాన్ని ఓపికతో ఎత్తి చూపుతూ వచ్చాడు. 1857లో రెసిడెన్సీ మీద తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ దాడి జరిగిన సందర్భంలో ఆయన ఆంగ్లేయుల పక్షాన నిలిచాడు. దాని మంచిచెడ్డలు ఈ వ్యాసం పరిధిలోనివి కావు. 1860లో రెసిడెంటు కుర్చీలో ఉన్నది ఆ డేవిడ్‌సనే. ఏడేళ్ళ క్రితం సైన్యం వస్తుందని ఉత్తరం వ్రాసినవాడు, ఇపుడు పైవారికి వ్రాసిన నివేదికలో, ఉభయ ప్రభుత్వాల బాకీలను నిష్పక్షపాతంగా సరిచూసి ఉంటే 43 లక్షల ఈ ఋణానికి మనకు న్యాయమైన హక్కే లేదని తన చిరకాల అభిప్రాయమన్నాడు. ఋణదాత గుమాస్తా నోట ఇటువంటి మాట వెలువడడం అరుదు.

అయినా 1860 డిసెంబరు ఒప్పందం ఆ మాటను ఒప్పుకోలేదు. 50 లక్షల బాకీ రద్దయింది, కాని లేని బాకీగా గాక, నిజాం చూపిన స్నేహానికి బహుమానంగా రద్దయింది. రాయచూరు దోఆబు, ధారాశివ్ తిరిగి వచ్చాయి. సురపురం నిజాంకు దక్కింది. ప్రతిగా గోదావరి ఎడమ ఒడ్డున భద్రాచలం, చర్ల, నూగూరు మొదలైన తాలూకాలు బ్రిటిషు వారికి పోయాయి. 1853 నుండి లెక్కలు అడిగే హక్కును నిజాం వదలుకున్నాడు. బేరారు మాత్రం కంటింజెంటుకు హామీగా వారివద్దనే ఉండిపోయింది. బాకీ పోయింది, తాకట్టు మిగిలింది. లేని బాకీని మాఫీ చేయడానికీ, బాకీ లేదని తేల్చడానికీ ఎంత తేడా ఉన్నదో ఇక్కడ తెలుస్తుంది. తేల్చి ఉంటే తాకట్టు కూడా విడిచిపెట్టవలసి వచ్చేది.

1872లో సాలార్‌జంగ్, సహ పాలకుడు అమీరె కబీర్‌తో కలిసి, కంటింజెంటు జీతానికి సరిపడే మూలధనాన్ని రొక్కంగా కడతామని, బేరారు ఇవ్వమని వ్రాశాడు. రొక్కం కంటే భూమి మేలైన హామీ అని జవాబు వచ్చింది. 1876లో ఆయన లండను దాకా వెళ్ళినా ఫలితం లేకపోయింది. 1902 నవంబరు 5న కర్జన్ ప్రభుత్వం మహబూబ్ అలీఖాన్‌తో సాలుకు 25 లక్షలకు బేరారును శాశ్వత కౌలుగా వ్రాయించుకున్నది. నాసిరుద్దౌలా తప్పించిన మాట అర్ధశతాబ్ది తరువాత ఈ విధంగా పత్రంలో చేరింది. 1899-1900 కరవునాటి ఋణాల వాయిదాలు ఆ కౌలు సొమ్ము నుండే మొదట మినహాయించబడ్డాయి. కంటింజెంటు ప్రత్యేక దళంగా అదృశ్యమై ఇండియా సైన్యంలో కలిసిపోయింది. ఏ దళం జీతం కోసం తాకట్టు పుట్టిందో ఆ దళం లేదు.

చివరి పెద్ద లేఖ 1923 అక్టోబరులో మీర్ ఉస్మాన్ అలీఖాన్ వైస్రాయి రీడింగ్ ప్రభువుకు వ్రాసినది. 1853 నాటి ఉత్తరాలు, డేవిడ్‌సన్ అభిప్రాయం, ఆబ్కారీ లెక్క, అన్నిటినీ అందులో వరుసగా పేర్చి బేరారును తిరిగి కోరాడు. 1926 మార్చి 27న రీడింగ్ జవాబిచ్చాడు. ఆ జవాబులో ముఖ్య వాదం లెక్కల గురించి కాదు. ఇండియాలో బ్రిటిషు కిరీటానిదే సర్వాధిపత్యమనీ, ఏ సంస్థానాధీశుడూ సమాన స్థాయిలో వాదించలేడనీ అది నిర్ధారించింది. సంస్థానాల చరిత్రలో సర్వాధిపత్య సిద్ధాంతానికి ప్రామాణిక ప్రకటనగా ఆ లేఖను ఉదాహరిస్తూ వస్తున్నారు. 1936లో నిజాం కుమారునికి బేరారు యువరాజు అనే బిరుదు దక్కింది. ఆబ్కారీ పద్దు మాత్రం ఎవరి ఖాతాలోను జమ పడలేదు.